రంగు కంటే ముందు ముక్కును చూడండి

[దృశ్యం: పెరట్లో పక్షులకు గింజలు పెట్టే ఫీడర్‌పై వెలుతురుకు ఎదురుగా వాలిన ఒక పక్షి, నల్లని ఆకారంగా]

వ్యాఖ్యానం: పక్షి వాలగానే మన కన్ను దాని రంగు మీదికే పోతుంది, కానీ గుర్తుపట్టడానికి రంగు అంత నమ్మదగిన ఆధారం కాదు. సూర్యుడికి అడ్డంగా కూర్చున్న పక్షి ఏ రంగుదైనా నల్లగానే కనిపిస్తుంది. అనేక జాతులలో ఆడపక్షులు, పిల్లలు మగవాటికంటే వేరుగా ఉంటాయి.

అందరికీ తెలిసిన ఊరపిచ్చుకనే చూడండి. మగపిచ్చుక గొంతు మీది నల్లని మచ్చ, ఈకలు కొత్తగా వచ్చినప్పుడు వాటి లేతరంగు కొసల కింద చాలావరకు దాగి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ కొసలు అరిగిపోయి, జతకట్టే కాలానికి నలుపు పూర్తిగా బయటపడుతుంది. అంటే ఒక్క కొత్త ఈకైనా మొలవకుండానే పక్షి రూపు మారిపోయిందన్నమాట. ఆడపిచ్చుకకు ఆ నలుపు ఉండదు, కంటి వెనుకకు సాగే లేత చారే దాని గుర్తు.

[దృశ్యం: మూడు పక్షుల ముక్కులు, దగ్గరగా]

అందువల్ల మొదట పరిమాణాన్ని, ముక్కును చూడండి. పొట్టిగా, మొదలు దగ్గర లావుగా ఉండే ముక్కు గింజల పొట్టు తీసే పనికి, సన్నని ముక్కు పురుగులను ఏరుకునే పనికి తగినది.

ఆ తరువాత ప్రవర్తనను గమనించండి. నా దృష్టిలో ఫీడర్ మనకిచ్చే అసలు అవకాశం ఇదే, ఎందుకంటే అడవిలో క్షణకాలం కనబడి మాయమయ్యే పక్షి ఇక్కడ నిమిషాల తరబడి ఎదురుగా ఉంటుంది. పిచ్చుకలు ఫీడర్ మీదే కూర్చుని పొట్టు వలుచుకుంటూ తింటాయి. టిట్ అనే చిన్న పక్షుల జాతికి చెందినది ఒక్క గింజను తీసుకుని కొమ్మ మీదికి ఎగిరిపోయి, దానిని కాళ్ల కింద అదిమిపట్టి ముక్కుతో పొడిచి పగలగొడుతుంది. పావురాలు, గువ్వలు నేల మీద రాలినవాటిని పొట్టుతో సహా మింగేస్తాయి. పక్కనే నీళ్లు పెడితే మరో తేడా తెలుస్తుంది: చాలా పక్షులు ఒక గుక్క తీసుకుని తల పైకెత్తి మింగుతాయి, పావురాలు మాత్రం తల ఎత్తకుండానే పీల్చుకుంటాయి.

చూసినదాన్ని పుస్తకం తెరవకముందే రాసుకోండి, లేకపోతే బొమ్మలో ఉన్నదే మీరు చూసినట్లు అనిపిస్తుంది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల రూపొందించిన, పక్షులను గుర్తుపట్టడంలో సాయపడే మెర్లిన్ యాప్ మంచి తోడే, కానీ అది సూచించిన పేరును మీ నోట్సుతో సరిచూసుకోవాలి. లెక్కించేటప్పుడు, వచ్చిపోయే పక్షులన్నింటినీ కూడకుండా, ఒకేసారి కనబడిన అత్యధిక సంఖ్యనే రాయండి. లేకపోతే ఒకే పిచ్చుక పదిసార్లు లెక్కకు వస్తుంది.

[దృశ్యం: ఫీడర్‌ను కడుగుతున్న చేతులు]

పక్షులను మన దగ్గరకు పిలిచాక వాటి క్షేమం మన బాధ్యత. 1994లో అమెరికాలోని వాషింగ్టన్ డి.సి. పరిసరాలలో, హౌస్ ఫించ్ అనే చిన్న పక్షుల కళ్లు వాచి ఉండటాన్ని మొదట గుర్తించింది ఇళ్ల దగ్గర ఫీడర్లను గమనిస్తున్న సామాన్యులే. దానికి కారణం మైకోప్లాస్మా అనే బాక్టీరియా అని తరువాత తేలింది. కనుక ఇలాంటి జబ్బు ఫీడర్ ద్వారా వ్యాపించకుండా, రెండు వారాలకొకసారైనా ఫీడర్‌ను శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే గింజలు పోయండి. కళ్లు వాచిన పక్షి గాని, ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పక్షి గాని కనబడితే, ఫీడర్‌ను కొన్ని వారాలపాటు తీసివేయండి.