స్ప్లెండర్ ఇంజన్ రీబిల్డ్: టైమింగ్ చైన్ లూజు, క్యామ్ టైమింగ్ ఎలా చూసుకోవాలి

ముందు ఈ శబ్దం ఒకసారి వినండి. విన్నారు కదా, ఐడిల్‌లో గరగరమంటోంది, రేస్ ఇచ్చి వదలగానే ఇంకా పెరుగుతోంది. నిన్న ఇంజన్ విప్పకముందు తీసిన వీడియో ఇది. టాపెట్, అంటే వాల్వు దగ్గర ఉంచే సందు, ఎక్కువై వచ్చే శబ్దం అయితే ఇలా ఉండదు, సన్నగా టిక్ టిక్ టిక్ అని వరసగా వస్తుంది. ఇది టైమింగ్ చైను, అంటే కింద పిస్టన్ తిప్పే క్రాంక్ నుంచి పైన వాల్వులు తెరిచే క్యామ్‌ని తిప్పే చైను. బండి 1994లో హీరో హోండా వాళ్లు మొదలుపెట్టిన పాత స్ప్లెండర్, 97.2 సీసీ, ఆ పడుకోబెట్టిన ఇంజనే. బోరు, పిస్టన్ మార్చేశాం, హెడ్డు ఫేసింగ్ కొట్టించి, అంటే అడుగు కాస్త గీయించి చదును చేయించి తెచ్చాం. ఈ రోజు చైను లూజు, క్యామ్ టైమింగ్ అంటే పిస్టన్ కదలికకి తగ్గట్టు వాల్వులు తెరుచుకోవడం, ఈ రెండే చూద్దాం.

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదండీ. చైను సాగినా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఆ వదులుని తనవైపు లాక్కొని శబ్దం తగ్గించేస్తుంది, కానీ క్యామ్ వెనకబడి వాల్వులు ఆలస్యంగా తెరుచుకునే సంగతిని అది సరిచేయలేదు. అందుకే "శబ్దం లేదు కదా, చైను బాగానే ఉంది" అని పాత చైనే వేసి హెడ్డు మూసేయకండి.

ఇదిగో పాత చైను. సాగింది అంటాం గానీ నిజానికి ఇనుము రబ్బరులా సాగదు, ఒక్కో లింకులో పిన్ను, దాని చుట్టూ ఉన్న బుష్ అరిగి, ఆ అరుగుదలంతా కలిసి చైను పొడుగవుతుంది. తమ్ముడూ, లైటు ఇటు పట్టు. చైనుని ఇలా పక్కకి తిప్పి, ఒక చివర పట్టుకుని అడ్డంగా చాపాను, చూడండి ఎలా వంగిపోయిందో, ధనుస్సులా. ఇప్పుడు కొత్తది. వంగకుండా దాదాపు తిన్నగా నిలిచింది.

కంటితో చూసి వదిలేయకుండా కొలుద్దాం. ఈ ప్యాకెట్ మీద 25 హెచ్ అని ఉంది, అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య పావు అంగుళం, 6.35 మిల్లీమీటర్లు. మేకుకి తగిలించి చైనుని బిగువుగా లాగి, ఒక పిన్ను ఎడమ అంచు నుంచి 21వ పిన్ను ఎడమ అంచు దాకా వెర్నియర్ పెట్టండి. మధ్యలో 20 లింకులు, కాబట్టి 127 మిల్లీమీటర్లు రావాలి. కొత్తది 127కి వెంట్రుకవాసి ఎక్కువ వచ్చింది. పాతది 128.4. ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా లేదుగా అనిపిస్తుంది. క్యామ్ స్ప్రాకెట్, అంటే చైను ఎక్కే పళ్ల చక్రం, దాని పళ్లు లెక్కపెట్టండి, దీనికి 28. అంటే పళ్ల వెంబడి చుట్టుకొలత సుమారు 178 మిల్లీమీటర్లు. చైను లాగే వైపు ఒక్క మిల్లీమీటర్ పెరిగితే క్యామ్ రెండు డిగ్రీలు వెనకబడుతుంది, క్రాంక్ లెక్కలో నాలుగు. మనం కొలిచింది 20 లింకులే, క్రాంక్ నుంచి క్యామ్ దాకా అంతకన్నా ఎక్కువ లింకులే ఉంటాయి. పైగా హెడ్డు ఫేసింగ్ కొట్టించాం కదా, హెడ్డు కాస్త కిందికి దిగితే అది కూడా క్యామ్‌ని అదే వైపు, వెనక్కే లాగుతుంది.

కొత్త చైను వేస్తే స్ప్రాకెట్లు కూడా చూడండి, పళ్లు ఒకవైపు వంగి కొడవలి మొనల్లా కనబడితే అవీ మార్చాల్సిందే. ఇక టెన్షనర్. ఈ మోడల్‌లో కింద నుంచి స్ప్రింగు, దాని మీద పుష్ రాడ్డు ఉంటాయి. రాడ్డు చివర రబ్బరు అరిగి గుంత పడిందా చూడండి. చైను ఆనుకుని తిరిగే రోలర్ల రబ్బరుని గోరుతో నొక్కండి, గోరు దిగకుండా బండరాయిలా ఉంటే పారేయండి. ఈ బండికి రోలర్ అంచు విరిగిపోయి ఉంది. ఆ ముక్కలు ఎక్కడికి పోయాయంటే, ఇదిగో ఆయిల్ జాలీ, నల్లజీలకర్రలా ఇరుక్కున్నవన్నీ ఆ రబ్బరే. ఇది శుభ్రం చేయకుండా ఇంజన్ మూస్తే కొత్త బోరు కూడా నిలవదు.

సరే, టైమింగ్‌కి వద్దాం. స్పార్క్ ప్లగ్ తీసి ఉంచండి, కంప్రెషన్ అడ్డు రాదు. మాగ్నెట్‌ని, అంటే క్రాంక్ ఎడమ చివర ఉన్న చక్రాన్ని, చేత్తోనే తిప్పండి. ఎడమవైపు నుంచి చూస్తే ఈ ఇంజన్ గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది, అందుకే మధ్య నట్టుకి స్పానర్ పెట్టి అటు తిప్పితే ఒక్కోసారి నట్టే ఊడొస్తుంది. తిప్పేటప్పుడు చైనుని ఒక తీగతో పైకి లాగి పట్టుకోండి, లేకపోతే కింద క్రాంక్ దగ్గర ముద్దకట్టి ఇరుక్కుంటుంది.

మాగ్నెట్ మీద రెండు గుర్తులుంటాయి, ఎఫ్, టీ. తిరిగే దిశలో ముందు ఎఫ్ వస్తుంది, అది స్పార్క్ పడే చోటు. తర్వాత వచ్చే టీ దగ్గర పిస్టన్ పూర్తిగా పైన ఉంటుంది. మనకి కావాల్సింది టీ. పని నేర్చుకునే రోజుల్లో నేను ఎఫ్ దగ్గర పెట్టి బిగించాను. అక్కడ క్యామ్ గుర్తు ఎటూ సరిగ్గా కుదరదు, "దగ్గరగానే ఉందిలే" అని ఒక పన్ను అటు వేసేశాను. పది కిక్కులకి స్టార్ట్ అయింది, కానీ ఎత్తు ఎక్కలేదు. మళ్లీ హెడ్డు విప్పితే గురువుగారు ఏమీ అనలేదు, గాస్కెట్ డబ్బులు మాత్రం నా జీతంలో పట్టుకున్నారు. ఒక్క పన్ను తేడా అంటే 28 పళ్లలో క్యామ్ దగ్గర దాదాపు 13 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 26. చిన్న తప్పు కాదు.

టీ గుర్తు కేసు మీదున్న గాటుకి కలిపాను. ఇప్పుడు క్యామ్ స్ప్రాకెట్ మీదున్న సున్నా గుర్తు హెడ్డు మీది గాటుకి ఎదురుగా రావాలి. చైను తొడిగేముందు కింద గుడ్డ కుక్కండి, బోల్టు చైను గూట్లో పడితే కథ మళ్లీ మొదటికే. లాగే వైపు చైను బిగువుగా ఉంచి స్ప్రాకెట్ కూర్చోబెట్టండి, వదులంతా టెన్షనర్ వైపుకి రావాలి. బోల్టులు బిగించి గుడ్డ తీసేయండి. ఆ తర్వాత రాడ్డు, స్ప్రింగు, కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి కింది బోల్టు. వదులు వైపు వేలితో నొక్కితే లోపలికెళ్లి వెంటనే వెనక్కి తోస్తోంది చూడండి, టెన్షనర్ పనిచేస్తోంది.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు, గుర్తులు కలిశాయి కదా అని. ఆగకండి. మాగ్నెట్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ టీ దగ్గరికి తేవాలి, అప్పటికి క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. టీ దాటిపోతే వెనక్కి తిప్పి కలపకండి, ఇంకో రెండు చుట్లు ముందుకే రండి, వెనక్కి తిప్పితే వదులు అటువైపుకి మారిపోయి గుర్తు అబద్ధం చెబుతుంది. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టొద్దు, వాల్వు పిస్టన్‌కి తగులుతోందేమో చూడండి.

ఇదిగో రెండు చుట్లు అయ్యాయి. టీ కలిసింది, సున్నా కలిసింది. వాల్వుల్ని నొక్కే రెండు రాకర్లూ చేత్తో కదిలిస్తే కొంచెం ఆడుతున్నాయి, అంటే వాల్వులు మూసున్నాయి, టాపెట్ సెట్ చేసేది కూడా ఇక్కడే. ఇంకో చుట్టు తిప్పి టీ దగ్గర ఆపుతాను. ఇప్పుడు ఎగ్జాస్ట్ మూసుకోబోతూ, ఇన్‌లెట్ తెరుచుకోబోతూ రెండు రాకర్లూ కొద్దికొద్దిగా నొక్కుకుని ఉండాలి. ఒకటి బాగా నొక్కుకుని ఇంకోటి వదులుగా ఉంటే పన్ను తప్పినట్టే. గుర్తులు అరిగిపోయిన ఇంజన్లకి నేను దీన్నే నమ్ముతాను.

కామెంట్లలో బుల్లెట్ గురించి అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా, పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి టైమింగ్ చైనే ఉండదు, గేర్లూ పుష్‌రాడ్లూ. దానికి వేరే వీడియో చేస్తాను.

తమ్ముడూ, టాపెట్ గేజి ఇలా ఇవ్వు, ప్లగ్ కూడా తుడిచిపెట్టు.