చెయ్యి ఒళ్ళోనే ఉంచి చేసే వ్యాయామం

భుజం నొప్పి ఎన్నాళ్ళుగానో వదలని మీ అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకోండి. నొప్పి ఉన్న చేత్తో తల వెనక జుట్టు దువ్వుకుంటున్నట్టు ఊహించుకోండి. చెయ్యి మాత్రం కదపొద్దు.

చెయ్యి కదపకుండా ఊరికే ఊహించుకున్నా మీలో కొందరికి జబ్బ కాస్త బిగుసుకుని ఉంటుంది. ఈరోజు నేను మాట్లాడేది ఆ బిగువు గురించే.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. మొదట్లో దెబ్బో వాపో ఉండి ఉండొచ్చు. అది తగ్గాక కూడా కొందరిలో మెదడు కాపలా మానదు. చెయ్యి లేవకముందే కండరాలను బిగించేస్తుంది. ఈ మాట చెప్పగానే "అంటే నాది ఉత్త భ్రమేనా అండీ?" అని అడుగుతారు. భ్రమ కాదండీ. నొప్పి నిజం, దాన్ని పెంచే దారులు ఒకటికి మించి ఉన్నాయి, అంతే.

కదలికను ఊహించినా, నిజంగా కదిలినా, మెదడులో ఆ పనిని సిద్ధం చేసే భాగాలు చాలావరకు అవే. 1992లో యూ, కోల్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరి చేత నాలుగు వారాల పాటు చిటికెనవేలిని బలంగా పక్కకు నెడుతున్నట్టు ఊహింపజేశారు. వేలి బలం సగటున 22 శాతం పెరిగింది. నిజంగా కసరత్తు చేసినవాళ్ళలో 30 శాతం. చిన్న ప్రయోగం, అదీ ఆరోగ్యవంతుల మీద. అయినా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నొప్పికి ఈ ఊహించే పద్ధతిని ఒక క్రమంలో వాడి చూపించినవాడు లోరిమర్ మోస్లీ అనే నొప్పి పరిశోధకుడు. 2004లో ఆయన పరీక్షించిన పద్ధతిలో మూడు మెట్లున్నాయి: ఫొటోలో ఉన్నది కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని గుర్తుపట్టడం, కదలికను ఊహించడం, ఆపైన అద్దం ముందు సాధన. అది చేతికి వచ్చే ఒక మొండి నొప్పి కోసం. భుజం మీద జరిగినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలే, ఫలితాలూ ఒకేలా లేవు. అందుకే నేను దీన్ని మామూలు వ్యాయామానికి తోడుగానే ఇస్తాను, దాని బదులుగా ఎప్పుడూ ఇవ్వను.

ఊహించడంలోనూ ఒక మెలకువ ఉంది. మిమ్మల్ని మీరు సినిమాలో చూసినట్టు చూడకండి, లోపలి నుంచి చెయ్యండి. చెయ్యి బరువు, రెక్క ఎముక జారడం తెలియాలి. తెలియకపోతే ముందు బాగున్న చెయ్యి ఎత్తి, ఆ అనుభూతిని ఇటువైపు తెచ్చుకోండి. నిజంగా ఎత్తడానికి మూడు సెకన్లు పడితే ఊహలోనూ దాదాపు మూడు సెకన్లు పట్టాలి. ఒక్క క్షణంలో అయిపోయిందంటే మధ్యలో ఎక్కడో దాటేశారన్నమాట.

ఊహించినా నొప్పి పెరిగితే పళ్ళు బిగబట్టి కొనసాగించకండి, కదలికను తగ్గించండి. దెబ్బ తగిలి చెయ్యి లేవకపోయినా, జ్వరం ఉన్నా, ఛాతీ పట్టేసినట్టున్నా ఇవేవీ కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సరే, మళ్ళీ కళ్ళు మూసుకోండి. ఈసారి తల దాకా వద్దు. ముందు బల్ల ఉంది, దాని మీద మీ చెయ్యి మెల్లగా ముందుకు జారుతోంది. బరువంతా బల్లదే. జానెడు దూరం చాలు. ఇప్పుడు జబ్బ ఎలా ఉందో చూసుకోండి.