గోలీ వేసుకున్ననా నాన్నా? పిల్లల ఓసీడీ, సప్లిమెంట్ల డబ్బాలు

నమస్తే. మొన్న శనివారం పొద్దుగూకినంక, హన్మకొండల మా మెడికల్ షాపుకు ఒక జంట వచ్చిన్రు. వెనుక 11 ఏండ్ల పిల్లగాడు. మా షాపుకు అద్దం తలుపు ఉంటది. ఆ పిల్లగాడు దాన్ని చేత్తోని నూకలేదు. అంగీ అంచు గుంజి వేళ్ళకు చుట్టుకొని, మోచేతితోని నూకిండు. కౌంటర్ దగ్గరికొచ్చినంక రెండు చేతులూ దేనికీ తాకకుంట గాలిలనే పట్టుకొని నిలబడ్డడు. వేళ్ళ కణుపుల మీద తోలు తెల్లగ పొలుసులు లేసింది, సందులల్ల పగిలింది, రెండు జాగల నెత్తురు చెమ్మ కనపడ్తున్నది. సున్నం పని చేసేటోళ్ళ చేతులు అట్ల ఉంటయి. బడికి పోయే పిల్లగాని చేతులు అట్ల ఉండొద్దు.

తండ్రి జేబుల నుంచి ఒక కాగితం తీసిండు. నాలుగు పేర్లు రాసి ఉన్నయి. ఇనోసిటాల్ పౌడర్, ఎన్‌ఏసీ, ఒమేగా-3, సెయింట్ జాన్స్ వర్ట్. "అన్నా, ఇవి ఉన్నయా? లేకుంటే తెప్పిస్తరా?" అని అడిగిండు. తల్లి గొంతు తగ్గించి, "వీనికి ఓసీడీ అని డాక్టర్ సెర్ట్రలిన్ రాసిండన్నా. పసిపిల్లగాడు, మెదడు గోలీలు ఎట్ల వేస్తం? ఇవైతే నాచురల్ కదా" అన్నది.

కౌంటర్ ముందట గిరాకీ నిలబడి ఉంటే పావుగంటల ఎంతని చెప్త? అందుకే ఈ వీడియో. నేను డాక్టర్ను కాదు. 22 ఏండ్ల సంది మందులు అమ్ముతున్న ఫార్మసిస్టును. ఇంకో సంగతి, ఓసీడీ, అంటే ఒకే భయం, ఒకే పని మళ్ళ మళ్ళ వెంటపడే జబ్బు ఉన్న ఆడపిల్లకు తండ్రిని. ఆ తల్లి అన్న మాటే ఆరేండ్ల కింద నేను కూడా అన్న.

మా బిడ్డకు అప్పుడు 12 ఏండ్లు. ఏడో తరగతి. మొదలు మాకు జబ్బని తెలవనే లేదు. చేతులు మాటిమాటికి కడుక్కుంటుంటే మా అమ్మ మస్తు సంబురపడ్డది. "నా మనుమరాలికి ఎంత మడి, ఎంత శుభ్రం" అని చుట్టాలకు చెప్పుకున్నది. తర్వాత సబ్బులు వారానికి నాలుగు అయిపోవుడు మొదలైంది. ఆటోల సీటుకు తాకిన లంగా ఇంట్లకు రానియ్యకపోవుడు. రాత్రి గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని లేచి లేచి చూసుడు. శుభ్రత ఉన్న పిల్ల చేతులు కడుక్కుంటే నిమ్మలమైతది. ఓసీడీ ఉన్న పిల్ల కడుక్కున్నా నిమ్మలం కాదు, రెండు నిమిషాలు ఆగి మళ్ళ కడుగుతది. వద్దనుకున్నా వచ్చే ఆలోచన, దాని భయం పోగొట్టుకోనీకి అదే పని మళ్ళ మళ్ళ చేసుడు. జబ్బంటే అది. పిల్ల మొండితనం కాదు, మనం పెంచుట్ల తప్పు కాదు, గాలి సోకుడు అంతకన్నా కాదు.

సైకియాట్రిస్ట్ దగ్గరికి తీస్కపోవాలంటే నాకే కాళ్ళు రాలేదు. మందులమ్మేటోణ్ణి, అయినా "పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయిన్రట" అంటరేమో, రేపు పెండ్లికి అడ్డమైతదేమో అని. మా ఆవిడ కాజీపేట దర్గాకు పోదామన్నది, పోయినం. ఐనవోలు మల్లన్నకు మొక్కినం. ఆ తర్వాత నేను సప్లిమెంట్ల మీద పడ్డ. చదివిన, ఇనోసిటాల్ డబ్బా తెప్పించిన, ఒమేగా కలిపిన. ఏప్రిల్ నెలాఖరుకు మొదలుపెట్టిన.

మే నెలంతా బిడ్డ మంచిగున్నది. కడుగుడు సగానికి తగ్గింది. నాకు ఎంత ఆనందమో చెప్పలేను. ఇద్దరు ముగ్గురు గిరాకీలకు కూడా అదే పౌడర్ చెప్పిన. ఆ మాటకు ఇప్పటికీ బాధైతది. ఎందుకంటే జూన్‌ల బడి తెరిచిన్రు, పది రోజులల్ల జబ్బు మొత్తం తిరిగొచ్చింది. పౌడర్ ఆపలేదు, డోసు తగ్గలేదు. తగ్గించింది పౌడర్ కాదు, ఎండకాలం సెలవులు. ఓసీడీ అట్లనే పెరుగుతది, తగ్గుతది. పరీక్షలకు ముదురుతది, సెలవులల్ల సల్లబడ్తది. మనం ఏదన్నా కొత్తది మొదలుపెట్టేది ఎప్పుడు? పిల్ల బాధ చూడలేక, బాగ ముదిరినప్పుడే కదా. ఆ తర్వాత దానంతటది కొంత దిగినా, పేరు డబ్బాకు పోతది.

ఇంకోటి జరిగింది, ఇది ఎవ్వరూ చెప్పరు. ఆ డబ్బానే జబ్బుల కలిసిపోయింది. పొద్దున సరిగ్గ ఏడింటికే తాగాలె. గ్లాసు ముందు మూడుసార్లు కడగాలె. చెంచా డబ్బా అంచుకు తగిలితే ఆ పొడి పారపోసి కొత్తది కలపాలె. బడికి పోయే టైంకు గేటు దాక పోయి వెనక్కొచ్చి, "నాన్నా, గోలీ వేసుకున్ననా? పౌడర్ తాగిన్ననా?" అని అడుగుడు. ఒకరోజు నేను లెక్కపెట్టిన, తొమ్మిదిసార్లు. మందని తెచ్చిన దాన్ని నా బిడ్డకు ఇంకో ఆచారం చేసిన.

ఇగ ఆ కాగితంల నాలుగు పేర్ల సంగతి చెప్త.

ఇనోసిటాల్ మీద 1996ల ఒక పరిశోధన వచ్చింది. పేషెంట్లు 13 మంది. రోజుకు 18 గ్రాములు, అంటే చెంచాల కొద్దీ పొడి, ఆరు వారాలు. కొంత మేలు కనపడ్డది. ఆన్‌లైన్‌ల కనపడే ఇనోసిటాల్ మాటలన్నిటికీ ముఖ్యమైన ఆధారం ఆ 13 మందే. తర్వాత అప్పటికే మందు వాడుతున్నోళ్ళకు దాన్ని కలిపి చూస్తే ఎక్కువ లాభం రాలేదు. అన్ని గ్రాములు పిల్లలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు.

ఎన్‌ఏసీ, అంటే ఎన్-అసిటైల్ సిస్టీన్. ఇది మా షాపుల కొత్తదేం కాదు. కఫం కరగడానికి నీళ్ళల్ల వేస్తే బుస్సుమని పొంగే గోలీ ఉంటది, అదే. పారాసిటమాల్ ఎక్కువ మింగినోళ్ళకు దవాఖానల విరుగుడుగ ఎక్కించేది కూడా ఇదే. మెదడుల గ్లూటమేట్ అనే రసాయనాన్ని సర్దుతదని ఓసీడీకి ప్రయత్నం చేస్తున్నరు. పెద్దోళ్ళల్ల ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేవు, పిల్లలల్ల చేసిన పరిశోధనే శానా తక్కువ. జుట్టు పీక్కునే జబ్బు ఓసీడీకి దగ్గరి చుట్టం. అందులో 2009ల 50 మంది పెద్దోళ్ళకు ఎన్‌ఏసీ ఇస్తే మంచిగ పనిచేసింది. 2013ల 39 మంది పిల్లలకు ఇస్తే ఉత్త గోలీకి, అంటే మందు లేని గోలీకి, దానికి తేడా రాలేదు. పెద్దోళ్ళ లెక్క పిల్లలకు పనికిరాదనడానికి అదొక్కటి చాలు నాకు. అట్లని ఎన్‌ఏసీని నేను కొట్టిపారేయను. డాక్టర్ తెలిసి, చూసి, పక్క మందుగ ఇస్తే అది వేరే మాట.

ఒమేగా-3తోని ఓసీడీ తగ్గుతదన్న గట్టి ఆధారం లేదు. చేపలు తినే ఇల్లైతే చేపలు పెట్టండి, అంతే.

నాలుగోది సెయింట్ జాన్స్ వర్ట్. దీని దగ్గర నా గొంతు కొంచెం పెరుగుతది. 2005ల 60 మంది మీద 12 వారాలు చూసిన్రు, ఉత్త గోలీ కన్నా ఏం మెరుగు లేదు. అది కాదు నా భయం. ఆకు మందే కదా అని దీన్ని సెర్ట్రలిన్‌తోని కలిపితే ఒంట్ల సెరటోనిన్ అనే రసాయనం మితి మీరుతది. చెమటలు, వణుకు, జ్వరం, గుండె దడ, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తది. 5-హెచ్‌టీపీ అని ఇంకో గోలీ అమ్ముతరు, దానికీ అదే ప్రమాదం. నాచురల్ అంటే ఏమీ కాదని కాదు. గన్నేరు కూడా చెట్టే.

డబ్బా మీద చిన్న అక్షరాలు చదివిన్రా? మన దేశంల సప్లిమెంట్లుగ అమ్మే డబ్బాలు మందుల కింద రావు, తిండి కింద వస్తయి. తిండి పదార్థాలను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం వీటి మీద "వైద్య వినియోగానికి కాదు" అని ఇంగ్లీషుల రాయాలె. ఆ మాట కంపెనీయే రాస్తది. జబ్బు తగ్గుతదని చెప్పేది పక్కింటోళ్ళు, వీడియోలు.

మరి విటమిన్లు అసలు వద్దా అంటే, అట్ల అననే అనను. రక్త పరీక్ష చేయించండి. బీ12, విటమిన్ డి, ఐరన్. మాంసం ముట్టని ఇండ్లల్ల బీ12 తక్కువ ఉండుడు నేను రోజూ చూస్తున్న. తక్కువుంటే పిల్లలల్ల నీరసం, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవుడు. దాన్ని నింపాలె, అది పిల్ల హక్కు. నింపితే పిల్లకు ఓపిక వస్తది, చికిత్సకు నిలబడ్తది. ఓసీడీ మాత్రం దాంతోనే పోతదనుకోకండి. ఇంకొక్కటి, విటమిన్ డి 60,000 యూనిట్ల ప్యాకెట్ వారానికి ఒకటి రాస్తే, బలం కదా అని రోజుకొకటి పోసిన తల్లి నాకు తెలుసు. కాల్షియం పెరిగి, వాంతులతోని పిల్లను అడ్మిట్ చేసిన్రు. కొలత డాక్టర్‌దే.

ఇప్పుడు ఆ తల్లి భయపడ్డ మందు సంగతి. 2004ల అమెరికాల మూడు యూనివర్సిటీలు కలిసి 7 నుంచి 17 ఏండ్ల 112 మంది పిల్లల మీద 12 వారాలు చూసిన్రు. థెరపీ, సెర్ట్రలిన్ రెండూ కలిపి ఇచ్చినోళ్ళల్ల నూటికి 54 మందికి దాదాపు జబ్బు లక్షణాలు పోయినంత పనైంది. థెరపీ ఒక్కటే ఇస్తే 39 మందికి. సెర్ట్రలిన్ ఒక్కటే ఇస్తే 21 మందికి. ఉత్త గోలీ ఇస్తే నలుగురికి కూడా కాదు. సెర్ట్రలిన్‌ను అక్కడ 6 ఏండ్లు నిండిన పిల్లల ఓసీడీకి అనుమతించిన్రు. తక్కువ డోసుతోని మొదలుపెడ్తరు, పని తెలవనీకి 8 నుంచి 12 వారాలు పడ్తది. మొదటి వారాలల్ల కొందరు పిల్లలల్ల అశాంతి, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చని హెచ్చరిక ఉన్నది, కాబట్టి పిల్లను కనిపెట్టుకొని ఉండాలె, ఏ తేడా వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలె. మనంతట మనం ఠక్కున ఆపొద్దు.

ఆ థెరపీల అసలు భాగం పేరు ఈఆర్‌పీ, అంటే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. మాట్లాడి ధైర్యం చెప్పే కౌన్సెలింగ్ కాదు. భయపడే పని కొంచెం కొంచెంగ చేయించి, కడుగుడు ఆపి, భయం దానంతటదే దిగేదాక కూసోబెట్టుడు. మా బిడ్డకు మొదటి మెట్టు మా ఇంటి చెప్పుల స్టాండు. ఒక వేలు తాకించిన్రు. కడగొద్దు. బిడ్డ గోడ గడియారం చూస్కుంట కూసున్నది, దవడలు బిగబట్టింది, కండ్లల్ల నీళ్ళు. 10 నిమిషాలు, 20 నిమిషాలు. నా చేతులు నల్లా దిక్కు పోతున్నయి, నేనే తిప్పుదామని. 40 నిమిషాలకు అన్నది, "నాన్నా, కొంచెం తగ్గింది." ఏ డబ్బా ఆ మాట అనిపియ్యలేదు.

అన్నిటికన్నా కష్టం బిడ్డకు కాదు, మాకు. "చేతులు శుభ్రంగున్నయా" అని అడిగితే "ఉన్నయి బిడ్డా" అని రోజుకు వందసార్లు చెప్పినం, సబ్బులు తెచ్చిచ్చినం, ఆటో వద్దంటే బండి మీద దింపినం. ప్రేమతోనే చేసినం, అదంతా జబ్బుకే దాణా అయింది. సైకాలజిస్ట్ మాకు నేర్పింది ఒక్క జవాబు. "అడిగేది నువ్వు కాదు బిడ్డా, నీ ఓసీడీ. దానికి నేను జవాబు చెప్ప. నీ పక్కన మాత్రం కూసుంట."

ఈఆర్‌పీ తెలిసినోళ్ళను వెతకాల్సొస్తది. ఫోన్ చేసినప్పుడే "పిల్లలకు ఈఆర్‌పీ చేయిస్తరా" అని అడగండి. వరంగల్ ఎంజీఎంల సైకియాట్రీ విభాగం ఉన్నది. ములుగు దిక్కు, భూపాలపల్లి దిక్కు ఉన్నోళ్ళు ముందు 14416కు చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, పైసలు లేవు, తెలుగుల మాట్లాడ్తరు. గొంతు నొప్పో జ్వరమో వచ్చినంక ఒకటి రెండు రోజులల్లనే పిల్ల ఒక్కసారి మారిపోతే మాత్రం ఫోన్లు పక్కన పెట్టి వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపియ్యండి.

మా బిడ్డ ఇప్పుడు డిగ్రీల చేరింది. పరీక్షలప్పుడు మళ్ళ తల ఎత్తుతది. మెట్లు మళ్ళ మొదలుపెడ్తం.

ఆ శనివారం నేను వాళ్ళకు ఆ నాలుగూ అమ్మలేదు. పగుళ్ళకు ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చిన, అదీ పిల్లగాడు ట్యూబు ముట్టడని తల్లికి ఇచ్చిన. మీలో ఎవరన్నా ఇప్పటికే ఇటువంటివి ఇస్తుంటే నేను తప్పు పట్టను, నేను పెట్టినోణ్ణే. డాక్టర్ కోపానికొస్తడని దాచకండి. ఉన్న డబ్బాలన్ని, సగం అయిపోయినవి కూడా, ఒక సంచిల వేసుకొని తీస్కపోండి. బల్ల మీద పెట్టి, ఏది ఎంత ఇస్తున్నరో, ఎప్పటి సంది ఇస్తున్నరో చెప్పండి. పేర్లు ఒక్కొక్కటి ఆయన్ను చదవనియ్యండి.