4 నిమిషాల 20 సెకన్లకే కెమెరా ఎందుకు ఆగిపోతోంది?

నమస్కారమండీ. మన వైజాగ్‌లోనే, సీతమ్మధారలో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్. కొత్తగా సీసీ కెమెరాలు పెట్టించారు. వాచ్‌మన్ గదిలో టీవీ ఆన్ చేస్తే గేటు, పార్కింగ్, మెట్లు అన్నీ శుభ్రంగా కనిపిస్తాయి. నాలుగు నిమిషాలు దాటాక బొమ్మ బిగుసుకుపోతుంది. ఆపి మళ్లీ పెడితే వస్తుంది, మళ్లీ అదే కథ. బిగించిన కుర్రాడు కేబుల్ మార్చాడు, కెమెరా కూడా మార్చాడు. నేను ఫోన్లో టైమర్ పెట్టి చూశాను. 4 నిమిషాల 20 సెకన్లు, అంటే 260 సెకన్లు. ఆ అంకె చూడగానే దొంగ దొరికిపోయాడు.

ఆ కెమెరాలు మల్టీకాస్ట్‌లో పంపుతున్నాయి. చూసేవాళ్లు ఎంతమంది ఉన్నా కెమెరా పంపేది ఒక్క కాపీయే, 239తో మొదలయ్యే గ్రూపు అడ్రస్‌కి. ఎవరికి కావాలో ఆ వైపుకే పంపడం స్విచ్ పని, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ డబ్బా పని. ఎవరికి కావాలో తెలిసేది ఐజీఎంపీ (ఇంటర్నెట్ గ్రూప్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్) వల్ల. స్టీవ్ డీరింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1989లో రాసిన ప్రోటోకాల్, అంటే మెషీన్లు మాట్లాడుకునే పద్ధతి, అది.

అదే వాచ్‌మన్ ఎండాకాలంలో పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి, "ట్యాంకర్ చెప్పమంటారా అమ్మా?" అని కేకేస్తాడు. మూడో అంతస్తు నుంచి ఒకావిడ "ఆ, చెప్పెయ్" అంటుంది. ఇక మిగతావాళ్లెవరూ నోరు విప్పరు. 1997లో వచ్చిన ఐజీఎంపీ రెండో వెర్షన్ అచ్చం ఇంతే. 125 సెకన్లకోసారి రౌటర్ "ఎవరికి కావాలి?" అని అడుగుతుంది. 10 సెకన్లలోపు ఎవరో ఒకరు పలికితే, అదే గ్రూపులో ఉన్న మిగతావాళ్లు ఊరుకుంటారు. రౌటర్‌కి పేర్ల జాబితా అక్కర్లేదు, ఒక్కరున్నా చాలు. 2002 నాటి మూడో వెర్షన్‌లో ఈ మొహమాటం తీసేశారులెండి, ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి.

రెండుసార్లు 125, పైన ఓ 10. మొత్తం 260. అంతసేపూ ఎవరూ పలక్కపోతే సప్లై బంద్.

స్విచ్ ఈ మాటలన్నీ చాటుగా వింటుంది. దాన్నే స్నూపింగ్ అంటారు. వినడమే గానీ తను అడగదు. ఆన్ అయినప్పుడు టీవీయే "నాకు కావాలి" అని తనంతట తాను చెబుతుంది. ఆ తర్వాత అడిగే నాథుడు లేడు, అక్కడ రౌటర్‌గా ఉన్న ఇంటర్నెట్ బాక్సూ అడగడం లేదు. స్విచ్ చూసి చూసి పేరు కొట్టేస్తోంది.

"స్నూపింగే తీసేద్దాం సార్" అన్నాడు కుర్రాడు. తీస్తే బొమ్మ వస్తుంది, నిజమే. కానీ అన్ని కెమెరాల వీడియో ప్రతి పోర్టుకీ పోతుంది, సెక్రటరీ గారి ప్రింటర్‌తో సహా. నాకది నచ్చదు. స్విచ్ సెట్టింగ్స్‌లో క్వెరియర్ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టాం. ఇక అడిగే పని కూడా స్విచ్‌దే.

టీ తెప్పించుకుని కూర్చున్నాం. టైమర్ 260 దాటింది. గేటు దగ్గర కుక్క ఇంకా తోక ఊపుతూనే ఉంది.