నలభై ఎనిమిది పెద్దదా, ముప్పై ఒకటి పెద్దదా?

సభకు నమస్కారం.

ఒమాహాలో ఉంటూ జూన్ నెలలో బేస్‌బాల్ ఊసెత్తకుండా ఉండటం కష్టం. 1950 నుంచి కాలేజీ వరల్డ్ సిరీస్‌కు, అంటే అమెరికా కాలేజీ జట్ల జాతీయ ఛాంపియన్‌షిప్ పోటీలకు, ఈ ఊరే వేదిక. ఆ పోటీల రోజుల్లో మన తెలుగు ఇళ్లలోనూ భోజనాల దగ్గర ఒకటే వాదన: కాలేజీ ఆటలో అందరికంటే గొప్ప హిట్టర్ ఎవరు? పిల్లలు ఫోనులో రికార్డుల పట్టిక తీసి మొదటి పేరు చదివేస్తారు. పీట్ ఇంకవీలియా, ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం, 1985లో 48 హోమ్ రన్లు, అంటే కంచె దాటించిన బంతులు. దాంతో వాదన తెగిపోయిందని వాళ్ల నమ్మకం. నాకు మాత్రం వాదన అక్కడే మొదలవుతుంది.

ముందు ఆయనకు దక్కాల్సింది దక్కనిద్దాం. ఆ ఏడాది 75 ఆటల్లో ఇంకవీలియా బ్యాటింగ్ సగటు 0.464; అంటే వెయ్యి ప్రయత్నాల్లో 464 సార్లు బంతిని కొట్టి బేస్ చేరిన లెక్క, దాన్నే హిట్ అంటారు. ఆయన బ్యాటుతో జట్టుకు వచ్చిన పరుగులు 143. మూడు సీజన్లు కలిపితే సరిగ్గా వంద హోమ్ రన్లు. నలభై ఏళ్లు దాటినా 48, 100 అనే ఆ రెండు అంకెలూ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఈ బల్ల వైపు చూడండి. రెండు బ్యాట్లు తెచ్చాను. ఇది చెక్కది. వేలి కణుపుతో కొడితే టక్కుమని ఊరుకుంటుంది. ఇది ఆనాటి అల్యూమినియం బ్యాట్. అదే దెబ్బకు కంచు గిన్నెకు గరిటె తగిలినట్లు ఖంగుమంటుంది. లోపల అంతా డొల్ల. చెక్కకు తగిలిన బంతి తానే నలిగి, తన వేగంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. ఈ పలుచని లోహపు గోడ అలా కాదు. బంతితో పాటు తానూ కాస్త లోపలికి వంగి, వెంటనే పైకి లేచి బంతిని తన్నేస్తుంది. పైగా తేలిక కాబట్టి బ్యాటు వేగంగా తిరుగుతుంది. కాలేజీ ఆటలో దీనికి 1974లో అనుమతి ఇచ్చారు. చెక్క బ్యాట్లు విరుగుతుంటే కొనలేక కాలేజీలు సతమతమయ్యేవి. ఆ ఇబ్బంది తీరింది గాని, ఆట స్వరూపమే మారిపోయింది.

అది ఎంతవరకు వెళ్లిందంటే, 1997లో లూసియానా స్టేట్ జట్టు ఒక్క సీజన్‌లో 188 హోమ్ రన్లు కొట్టింది. మరుసటి ఏడాది ఇక్కడే రోజెన్‌బ్లాట్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా 21-14తో అరిజోనా స్టేట్‌ను ఓడించింది. ఆ సంవత్సరం ఒక్కో జట్టు ఆటకు సగటున 1.06 హోమ్ రన్లు కొట్టింది. బంతి విసిరే పిచ్చర్ల భద్రత గురించి కూడా ఆందోళన మొదలైంది. బ్యాటు బరువు మీద, మందం మీద నిబంధనలు వచ్చాయి. చివరికి 2011లో, లోహపు బ్యాటు కూడా చెక్క బ్యాటులాగే స్పందించాలని కొత్త ప్రమాణం పెట్టారు.

దాంతో హోమ్ రన్లు ఒక్కసారిగా ఎండిపోయాయి. 2014 నాటికి ఆటకు సగటు 0.39. ఆ ఏడాది కాలేజీ వరల్డ్ సిరీస్ మొత్తం మీద మూడంటే మూడే హోమ్ రన్లు. మన కొత్త స్టేడియంలో గాలి ఎదురు వీచడం కూడా ఇందుకు తోడైంది.

ఆ కరువు కాలంలో, 2013లో, శాన్ డియేగో విశ్వవిద్యాలయం కుర్రాడు క్రిస్ బ్రయంట్ 62 ఆటల్లో 31 హోమ్ రన్లు కొట్టాడు. పట్టికలో చూస్తే 48 ముందు 31 చిన్న అంకె. కానీ ఆ ఏడాది ఉన్న 296 డివిజన్ 1 (కాలేజీ ఆటలో పై శ్రేణి) జట్లలో 223 జట్ల ఆటగాళ్లందరూ కలిసి కొట్టినా అన్ని హోమ్ రన్లు రాలేదు. ఒక్క మనిషి ఒకవైపు, ఒక్కో జట్టు మొత్తం మరోవైపు! ఇది మొదటిసారి చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. హోమ్ రన్ల విషయంలో కాలేజీ ఆట చూసిన అత్యుత్తమ సీజన్ ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఏ హిట్టర్‌నైనా ఆ ఏడాది అవే బ్యాట్లతో, అవే బంతులతో ఆడిన మిగతావాళ్ల పక్కన నిలబెట్టి చూడాలి.

అలాగని, ఇంకవీలియాది అల్యూమినియం పుణ్యమే అంటే నేను ఒప్పుకోను. 1986లో ఆయన ప్రొఫెషనల్ ఆటలో కింది మెట్టయిన మైనర్ లీగ్‌లో ఒక్క రోజు కూడా ఆడకుండా నేరుగా మేజర్ లీగ్ జట్టు టెక్సాస్ రేంజర్స్‌లో చేరి, చెక్క బ్యాటుతో 30 హోమ్ రన్లు కొట్టాడు. అదే ఏడాది 185 సార్లు స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) అయ్యాడన్నదీ నిజమే. ఆ చేతుల్లో బలం మాత్రం బ్యాటు ఇచ్చింది కాదు.

ప్రత్యర్థుల సంగతి కూడా చూడాలి. సదరన్ విశ్వవిద్యాలయానికి ఆడిన రికీ వీక్స్ కాలేజీ జీవితపు సగటు 0.473. ఇంతకు మించినది లేదు. అతను రోజూ ఎదుర్కొన్న పిచ్చర్లు పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీ జట్ల లీగుల) స్థాయివాళ్లు కారు. మేజర్ లీగ్‌లో అతని సగటు 0.246 దగ్గర ఆగింది. అయినా 2003లో దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడిగా అతన్నే ఎంచారు, మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో రెండో స్థానంలో తీసుకున్నారు. చూసినవాళ్లకు అతని చేతివేగం అర్థమైంది.

ఇక బంతి. పాతదీ కొత్తదీ రెండు బంతులు కూడా తెచ్చాను, వీటి కుట్ల మీద బొటనవేలి గోరు నడిపించండి. పాత బంతికి గోరు అడ్డం పడుతుంది, కొత్తదాని మీద జారిపోతుంది. 2015లో కుట్టు ఎత్తును అంగుళంలో 48 వేయోవంతుల నుంచి 31కి తగ్గించారు. గాలి నిరోధం తగ్గి, బాగా తగిలిన బంతి సుమారు ఇరవై అడుగులు ఎక్కువ దూరం వెళ్లసాగింది. కంచె దగ్గర చిక్కే బంతికి ఇరవై అడుగులంటే అవుటుకూ హోమ్ రన్‌కూ ఉన్న తేడా. అందుకే 2024లో జార్జియా ఆటగాడు చార్లీ కాండన్ 37 కొడితే, ఫ్లోరిడా ఆటగాడు జాక్ కాగ్లియనోన్ 35తో వెన్నంటే ఉన్నాడు. కాండన్ సగటు 0.433, అదీ దేశంలోనే గట్టి పిచ్చర్లున్న కాన్ఫరెన్సులో. ఆటకు ఎన్ని హోమ్ రన్లని లెక్కేస్తే ఇంకవీలియాకు అతి దగ్గరగా వస్తాడు. నా వరసలో అతనిది బ్రయంట్ తరువాతి స్థానం.

ఒక్క రికార్డు విషయంలో మాత్రం నా కొలతలన్నీ తడబడతాయి. 1987లో ఓక్లహోమా స్టేట్ ఆటగాడు రాబిన్ వెంచురా వరుసగా 58 ఆటల్లో హిట్ సాధించాడు. అల్యూమినియం కొంత సాయపడి ఉంటుంది, సందేహం లేదు. కానీ యాభై ఎనిమిది ఆటలు ఒక్క ఆట కూడా తప్పకుండా మనసు నిలపడాన్ని ఏ సగటుతో భాగించాలి? ఆ వరుసను ఇక్కడే, ఈ ఊళ్లోనే, స్టాన్‌ఫర్డ్ పిచ్చర్ జాక్ మెక్‌డోవెల్ ఆపాడు. తరువాత ఆ ఇద్దరూ చికాగో వైట్ సాక్స్‌లో ఒకే జట్టులో ఆడారు.

బ్యాట్లూ బంతులూ ఈ బల్ల మీదే ఉంటాయి. పిల్లల్ని ముందుకు రానివ్వండి, వాళ్ల చేతులతోనే పట్టుకుని చూడనివ్వండి.