ముందు చక్రం వెనకబడితే సైకిల్ నిలబడుతుంది

సీటు ఒక్కటే పట్టుకుని సైకిల్‌ని కాస్త ఎడమకి వంచుతున్నా, చూడండి. హ్యాండిల్ ముట్టుకోలేదు. అదే ఎడమకి తిరిగింది! కుడికి వంచితే కుడికి. చేతులు వదిలేసి తొక్కగలుగుతున్నామంటే ఈ గుణం వల్ల కూడానే.

ఎందుకు తిరిగిందో కొలిచి చూద్దాం. సుద్దముక్క, తిన్నని కర్ర, దారానికి కట్టిన నట్టు చాలు. సైకిల్‌ని నిటారుగా నిలబెట్టాను. హ్యాండిల్ కింద ఏటవాలుగా ఉన్న ఈ గొట్టం హెడ్ ట్యూబ్. దాని వాలులోనే కర్ర ఆనించి నేలదాకా దించాను. తాకినచోట ఒక గీత. ఇప్పుడు ముందు చక్రం ఇరుసు నుంచి నట్టు వేలాడదీశాను. అక్కడ ఇంకో గీత.

రెండో గీత వెనక పడింది కదా? ఆ ఎడాన్నే ట్రైల్ అంటారు. సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రం తాను తిరిగే పిన్ను వెనకాలే వస్తుందే, అదే సంగతి. చక్రం నేలను తాకే చోటు ఇలా వెనక ఉంది కాబట్టే, బండి వంచితే నేల తోపు హ్యాండిల్‌ని అటే తిప్పుతుంది.

ఇక ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లు, ముందుకి వంగి ఉండేది బండి కుదురుగా ఉండటానికని నేనూ చాన్నాళ్లు అనుకున్నా. తప్పు! ఇరుసు ముందుకెళ్తే రెండో గీతా ముందుకి జరుగుతుంది, ట్రైల్ తగ్గుతుంది. లెక్క చూడండి: రేసు సైకిల్‌కి హెడ్ ట్యూబ్ నేలతో 73 డిగ్రీలు, చక్రం వ్యాసార్థం 340 మిల్లీమీటర్లు, ఫోర్క్ 45 మిల్లీమీటర్లు ముందుకి. ట్రైల్ సుమారు 57 మిల్లీమీటర్లు. అదే ఫోర్క్ వెనక్కి తిప్పి బిగిస్తే 150! నెమ్మదిగా తొక్కేటప్పుడు హ్యాండిల్ ఓ పక్కకి వాలిపోతుంది, కాలివేళ్లు చక్రానికి తగులుతాయి. పిల్లల కొత్త సైకిళ్లలో ఈ పొరపాటు చూశాను. ముందు బ్రేకు వెనక్కి తిరిగి ఉంటే అనుమానించండి.

విచిత్రమేంటంటే, 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కావాలనే ఫోర్క్ తిప్పి, మనిషి లేకుండా తోస్తే బండి బ్రహ్మాండంగా నిలబడింది. చక్రాన్ని బాగా ముందుకి జరిపితే కూలబడింది. అలాగని ట్రైలే సర్వస్వం కాదండోయ్. ట్రైల్ సున్నా కంటే కాస్త తక్కువున్నా తనంతట తాను నిలబడే సైకిల్‌ని 2011లో పరిశోధకులు చూపించారు. బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే.

కొండలు దిగే మౌంటెన్ బైక్‌కి హెడ్ ట్యూబ్ 65 డిగ్రీలకి వాలుస్తారు, ట్రైల్ 120 దాకా పోతుంది. రాళ్లమీద చక్రం సులువుగా పక్కకి తిరగదు. సందుల్లో మలుపు తిప్పాలంటే మాత్రం చాకిరీ.

గోతిలో దిగాక హ్యాండిల్ బరువెక్కిందా? ఫోర్క్ వెనక్కి వంగిందేమో ఈ రెండు గీతలూ గీసి చూడండి. వంగితే సుత్తితో సరిచేయించకండి, మార్చేయండి.