అడ్డంగా చదవని హాజరు పట్టీ

అందరికీ నమస్కారం.

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు, వెనక వరుసల్లో ఉన్న కొత్త టీచర్లకు, ఈ సమావేశం కోసం వారం రోజులుగా తిరుగుతున్న ఆఫీసు సిబ్బందికి నమస్కారం. ఆఫీసు సిబ్బందిని ప్రత్యేకంగా ఎందుకు తలుచుకున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాకు ఇచ్చిన అంశం ‘విద్యార్థుల డేటా ఆధారంగా పాఠశాల అభివృద్ధి ప్రణాళిక’. ఆరు పాయింట్లు రాసుకొచ్చాను. అన్నీ చెప్పగలనో లేదో తెలియదు. ఎందుకంటే వాటికంటే ముందు మీకు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

అప్పుడు నేను హెడ్‌మాస్టర్‌ని. ఏడో తరగతిలో 40 మంది పిల్లలు. ఆ నెల తరగతి హాజరు 92 శాతం. ఆ అంకెను నేనే నోటీసు బోర్డు మీద రాయించాను, స్టాఫ్ మీటింగ్‌లో క్లాస్ టీచర్‌ని మెచ్చుకున్నాను. అర్ధ సంవత్సరం పరీక్షల తర్వాత ఆ తరగతిలో ఒక అమ్మాయి బడికి రావడం మానేసింది. కొన్ని వారాలు చూశాం. చివరికి పేరు తీసేయాలి కాబట్టి రిజిస్టర్ ఆఫీసుకి వెళ్ళింది.

మా ఆఫీసులో పనిచేసే క్లర్క్ ఆ రిజిస్టర్ పట్టుకుని నా గదిలోకి వచ్చారు. ఆ అమ్మాయి పేరు కింద ఒక స్కేలు పెట్టి, పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించారు. “సార్, ఈ పాప బడి మానేసింది ఇప్పుడు కాదండి. బడి తెరిచిన రెండో నెల నుంచీ మానేస్తూనే ఉంది” అన్నారు.

చూశాను. వారానికి రెండు రోజులు. ప్రతివారం అవే రెండు రోజులు. నెలలు నెలలుగా ఒకే వరుసలో, పక్కపక్కనే రెండేసి ఆబ్సెంట్ గుర్తులు. ఆ రిజిస్టర్ మీద ప్రతినెలా నా సంతకం ఉంది.

మేం వాళ్ళింటికి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. ఆ రెండు రోజులూ తల్లి దూరంగా పనికి వెళ్ళేదని, చంటి తమ్ముడిని చూసుకోవడానికి ఈ పిల్ల ఇంట్లో ఉండిపోయేదని పక్కింటివాళ్ళు చెప్పారు. ఎక్కడికి వెళ్ళారో వాళ్ళకూ తెలియదు. అంతకుమించి ఈ రోజుకీ నాకు తెలియదు.

ఇంకో మాట. స్టాఫ్ రూమ్‌లో ఆ అమ్మాయి గురించి ఒక అభిప్రాయం స్థిరపడిపోయి ఉంది: “తెలుగు బాగా రాస్తుంది కానీ సైన్స్ మీద ఆసక్తి లేదు.” టైమ్ టేబుల్ తీసి చూస్తే, వారంలో ఉన్న ఆరు సైన్స్ పీరియడ్లలో మూడు సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే ఉన్నాయి. మార్కుల రిజిస్టర్ ఒక బీరువాలో ఉంది. హాజరు రిజిస్టర్ క్లాస్ టీచర్ దగ్గర ఉంది. టైమ్ టేబుల్ నా గది గోడ మీద ఉంది. ఆ మూడింటినీ ఒక బల్ల మీద పెట్టి చూసినవాళ్ళు లేరు. ఆ పిల్లకు ఆసక్తి లేకపోవడం కాదు, సగం పాఠాలు వినే అవకాశమే లేదు.

డేటా అంటే కంప్యూటర్ అనీ, సాఫ్ట్‌వేర్ అనీ, డాష్‌బోర్డ్ అనీ అనుకుంటాం. మాకు డేటా లేకపోవడం కాదు సమస్య. ప్రతి రోజూ, ప్రతి పీరియడ్, మా చేతుల్లోనే ఉంది. మేం దాన్ని నిలువుగా కూడుకుంటూ పోయాం. ఈ రోజు ఎంతమంది వచ్చారు, ఈ రోజు ఎంతమంది వచ్చారు... ఆ మొత్తం పైకి వెళ్తుంది, అడిగేది అదే. ఒక పిల్ల పేరు దగ్గర మొదలుపెట్టి అడ్డంగా చదవమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మాకూ తోచలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, కాగితం ఉన్నవాళ్ళు వేసుకోండి. 40 మంది పిల్లలు, నెలలో 20 పనిదినాలు. అంటే 800 హాజర్లు. 92 శాతం అంటే 736. మిగిలినవి 64 గైర్హాజర్లు. ఈ 64 తరగతి అంతటికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఒకటో రెండో రోజులు. జ్వరం వచ్చింది, పెళ్ళికి వెళ్ళారు, సరే అనుకోవచ్చు. కానీ అవే 64, ఎనిమిది మంది పిల్లలు ఎనిమిదేసి రోజులు మానినా వస్తాయి. అప్పుడు 32 మంది రోజూ వస్తున్నారు, ఎనిమిది మంది చదువు చేయి జారిపోతోంది. రెండు చోట్లా బోర్డు మీద రాసే అంకె 92 శాతమే. మా రిజిస్టర్ ఈ రెండో రకానికి దగ్గరగా ఉంది.

పనిదినాల్లో పదో వంతు, అంతకు మించి మానిన పిల్లల్ని ప్రమాదంలో ఉన్నట్టు లెక్కపెట్టే పద్ధతి చాలా దేశాల పరిశోధనల్లో ఉంది. సెలవు చీటీ ఇచ్చారా లేదా అని చూడరు. చీటీ ఇచ్చినా పాఠం పోయింది కదా. 180 రోజుల బడిలో పదో వంతంటే 18 రోజులు. నెలకు రెండు రోజులు. నెలకు రెండు రోజులు మానే పిల్లని మనం ‘రెగ్యులర్’ అంటాం. దయచేసి ఆ మాట అనేముందు ఒకసారి ఏడాది మొత్తం కూడండి.

అమెరికాలో షికాగో నగరపు బడుల గురించి చెప్పాలి. 2005లో ఎలేన్ అలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్ళు చూసింది చాలా చిన్న విషయం. తొమ్మిదో తరగతి చివర ఆ పిల్లవాడు పై తరగతికి వెళ్ళేటన్ని సబ్జెక్టులు పూర్తిచేశాడా, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఏడాది మొత్తం మీద ఒకటి కంటే ఎక్కువ సెమిస్టర్ ఫలితాల్లో తప్పాడా? అంతే. ఈ గీత దాటినవాళ్ళు నాలుగేళ్ళలో హైస్కూల్ పూర్తిచేసే అవకాశం, దాటనివాళ్ళ కంటే మూడున్నర రెట్లకు పైగా ఉందని తేలింది. తర్వాత 2007 నివేదికలో, ఆ ఏడాది ఎవరు సబ్జెక్టులు తప్పుతారో చెప్పడానికి ఎనిమిదో తరగతి పరీక్ష మార్కుల కంటే హాజరే చాలా బలమైన గుర్తు అని చూపించారు. పిల్లవాడు వచ్చేటప్పుడు ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడన్నది మన చేతుల్లో లేదు. ఈ నెల ఎన్ని రోజులు వచ్చాడన్నది చాలావరకు మన చేతుల్లో ఉంది. ఆ నగరంలో టీచర్లు ఆ జాబితాలు ఏడాది చివర కాకుండా, ఏడాది మధ్యలో పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

ఏడాది మధ్యలో. ఈ మాట రెండుసార్లు అంటున్నాను, మన ప్రణాళికల్లో లేనిది అదే కాబట్టి.

మన ప్రణాళికల సంగతి ఇక్కడున్న హెడ్‌మాస్టర్లకు, హెడ్‌మిస్ట్రెస్‌లకు నేను చెప్పనక్కర్లేదు. గడువు రేపంటే ఈ రాత్రి రాస్తాం. పోయినేడాది కాపీ తీస్తాం, సంవత్సరం మారుస్తాం, ‘గణితంలో 10 శాతం పెంపు’ అని రాస్తాం. నేనూ రాశాను, ఒకసారి కాదు, చాలా ఏళ్ళు రాశాను. పైన తీసుకున్నవాళ్ళు ముట్టినట్టు ముద్ర వేసి పంపారు. ఒక్క ఏడాది కూడా ఎవరూ ఆ కాగితం వెనక్కి తెచ్చి “ఆ పది శాతం ఎవరికి పెరిగింది?” అని అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఈ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు. టీచర్ల చేత ఏడాదికి లెక్కలేనన్ని ఫార్మాట్లు నింపిస్తాం. అన్నీ పైకే వెళ్తాయి. ఒక్కటి కూడా ఆ టీచర్‌కి రేపటి పాఠానికి పనికొచ్చేలా తిరిగి కిందికి రాదు. కిందికి రాని డేటా ఆ టీచర్‌కి చాకిరీ మాత్రమే.

‘10 శాతం పెంపు’ అనే మాట ఎందుకు ప్రణాళిక కాదో ఒక తీసివేతతో చెప్తాను. 503లో నుంచి 287 తీసేయాలి. జవాబు 216. ఒక తరగతిలో 14 మంది పిల్లలు 384 అని రాశారు. తప్పు అని కొట్టేసి సున్నా వేస్తే, మార్కుల జాబితాలో 14 సున్నాలు కనిపిస్తాయి, అంతే. కానీ 384 ఎలా వచ్చిందో చూడండి. ఏడులోంచి మూడు తీస్తే నాలుగు. ఎనిమిదిలోంచి సున్నా తీస్తే ఎనిమిది. ఐదులోంచి రెండు తీస్తే మూడు. పైదా కిందదా అని చూడకుండా, ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశారు. ఇది అజాగ్రత్త కాదు. 14 మంది ఒకేలా అజాగ్రత్తగా ఉండరు. వాళ్ళకు ఒక నియమం మనసులో నాటుకుంది, అది తప్పు నియమం. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి, పక్కన సున్నా ఉంటే ఇంకో అడుగు ముందుకు వెళ్ళి తెచ్చుకోవాలి అన్నది వాళ్ళకి అందలేదు.

ఇప్పుడు ప్రణాళిక రాయండి. ‘ఈ 14 మందికి, రెండు వారాలు, పుల్లల కట్టలతో సున్నా ఉన్న తీసివేతలు. మూడో వారం మొదట్లో ఐదు లెక్కలతో మళ్ళీ చూడాలి. చూసేది ఫలానా టీచర్.’ ఇది మూడు వాక్యాలు. నా దృష్టిలో ఇది నలభై పేజీల ఫైలు కంటే విలువైనది. ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా, ఎవరు చూస్తారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. పనిచేయకపోతే మూడో వారానికే తెలిసిపోతుంది.

అంటే మార్కుల జాబితా కంటే జవాబు పత్రాలు గొప్ప డేటా. వాటిని కట్టలు కట్టి అటక మీద పడేయకండి, నా మాట వినండి.

ఇప్పుడు నేను రాసుకొచ్చిన పాయింట్లలో ‘సగటు’ ఒకటుంది, దాన్ని వదలలేను. తరగతిలో 30 మంది, సగటు మార్కు 52. అందులో 20 మార్కులు వచ్చే ఐదుగురు తర్వాతి పరీక్షకు రాలేదు. రాసిన 25 మంది సరిగ్గా పాత మార్కులే తెచ్చుకున్నారు. సగటు 58.4 అవుతుంది. ఎవరూ కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, ఐదుగురు కనపడకుండా పోయారు, బడి ‘ఆరు మార్కులు మెరుగుపడింది’. కాబట్టి ఏ సగటు చూపించినా మొదటి ప్రశ్న ఇదే కావాలి: రాసినవాళ్ళు ఎంతమంది, రాయనివాళ్ళెవరు? ఆ ఏడో తరగతి అమ్మాయి పేరు తీసేసిన తర్వాత నెల, మా హాజరు శాతం పెరిగింది. ఆ పెరుగుదలను కూడా నేను పైకి పంపాను.

క్షమించండి. ఒక్క నిమిషం.

అంకె మీద బహుమతి, శిక్ష పెడితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1862లో ఇంగ్లండ్‌లో పిల్లల హాజరు, చదవడం రాయడం లెక్కల్లో పరీక్ష ఫలితం చూసి బడికి గ్రాంటు ఇచ్చే నియమం తెచ్చారు. పిల్లలు వాచకం బట్టీ పట్టడం మొదలైంది. మూడు దశాబ్దాలకు పైగా సాగింది ఆ పద్ధతి. మన కాలంలో అమెరికాలోని అట్లాంటా నగరం. 2009 పరీక్షల్లో జవాబు పత్రాల మీద తప్పులు చెరిపి ఒప్పులు దిద్దిన గుర్తులు అసాధారణంగా ఎక్కువగా కనపడ్డాయి. 2011లో రాష్ట్ర విచారణ నివేదిక 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళ పాత్ర ఉందని చెప్పింది. నష్టపోయింది పిల్లలు. చదవడం రాని పిల్లవాడికి చదవడం వచ్చని కాగితం మీద ఉంటే, అదనపు సాయం అతని దాకా ఎలా వస్తుంది? డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే ఇదే హెచ్చరించాడు: ఒక అంకె మీద ఎంత నిర్ణయం ఆధారపెడితే, ఆ అంకె అంత చెడుతుంది.

అధికారులు ఎవరైనా ఇక్కడ ఉంటే వారికి నా విన్నపం. ఈ డేటాను టీచర్‌ని నిలదీయడానికి వాడకండి. టెన్షన్‌లో ఉన్న టీచర్ నిజం రాయరు. తన తరగతిలో 14 మందికి తీసివేత రాదని ధైర్యంగా చెప్పిన టీచర్‌కి మెమో వస్తే, వచ్చే ఏడాది ఆ 14 మంది కాగితం మీద మాయమవుతారు.

టీచర్లకు నా విన్నపం వేరు. నెలకు ఒక్క గంట. కొత్త ఫార్మాట్ వద్దు, కొత్త యాప్ వద్దు. హాజరు, మార్కులు, టైమ్ టేబుల్ ఒకే బల్ల మీద. ఆఫీసు సిబ్బందిని కూడా కూర్చోబెట్టండి. ఫీజులు, టీసీలు, సెలవు చీటీలు చూసేది వాళ్ళే. మనకు కనపడనిది వాళ్ళకు కనపడుతుంది. మా బడిలో కనిపెట్టింది హెడ్‌మాస్టర్ కాదు, టీచర్ కాదు. స్కేలు పట్టుకున్న క్లర్క్. ఆ గంటలో “ఈ పిల్లకి ఏమైంది?” అన్న ప్రశ్న తప్ప ఇంకేదీ వద్దు. పిల్ల ఇంటి సంగతులు ఆ గది దాటి బయటికి పోకూడదు. గోడ మీద పేర్లు అంటించకూడదు. తెలుసుకున్నది సాయానికే వాడాలి.

ఆరు పాయింట్లలో మూడు మిగిలిపోయాయి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, నాకు తెలుసు. ఇంకొక్క పని చేసి దిగిపోతాను.

మీ కుర్చీల మీద ఒక కాగితం ఉంది చూడండి. అది ఆ నెల హాజరు పట్టీ నకలు. 40 వరుసలు, 20 గడులు. పేర్లు అన్నీ చెరిపేశాను. కింద కూడిక కూడా చెరిపేశాను, నిలువుగా ఎవరూ కూడకుండా. పెన్ను తీసుకోండి. స్కేలు లేనివాళ్ళు పక్క కాగితం అంచు పెట్టుకోండి. మొదటి వరుస నుంచి, ఎడమ నుంచి కుడికి, నెమ్మదిగా. పది నిమిషాలు ఆగుతాను. ఆమె వరుస ఏదో నేను చెప్పను, మీరు వెతకండి.